రెక్క గుడ్డ

గుడ్లూరు అప్పుడు నెల్లూరు జిల్లా.
తర్వాత ప్రకాశం అన్నారు. ఇప్పుడు మళ్ళీ నెల్లూరంటున్నారు.
ఊరు మాత్రం లేచి ఎక్కడికీ పోలేదు.
బోర్డు బడి వెనక నూనె కారిన నల్లమచ్చ కూడా
చాన్నాళ్ళు అక్కడే ఉంది.

యుద్ధం రోజులు. కిరసనాయిలు చీటీల మీద.
మేం పదమూడో ఎక్కంలో ఉన్నాం,
పదమూడేడ్ల తొంభయ్యొకటి దగ్గర.
ఎవరో ఆకాశాన్ని తడిపి చింపుతున్న చప్పుడు.
అయ్యోరి బెత్తం గాల్లోనే ఆగింది.

చెడుగుడు గీతల మీద పడింది.
ఆ నేలని అంతకుముందు దున్నినవాడు లేడు.
ఒకే ఒక్క చాలు, తుమ్మకంప దాకా.
చాలు చివర ముక్కు పాతుకుని
రెక్కమీద రెక్క, కర్ర ఎముకలకి తొడిగిన గుడ్డ.
ఇనుముతో చేస్తారనుకున్నాం.
మా చిన్నాయన కట్టే గాలిపటానికి పెద్దన్నలాగుంది.

వాసన సంగతి చెప్పాలి.
మాగిన చక్కెరకేళి వాసన.
రెక్కలకి పూసే వార్నీషు అదని ఏళ్ళ తర్వాత తెలిసింది.
ఆ రోజు మాత్రం నోట్లో నీళ్ళూరాయి.
ఎదురుగా మనిషి నెత్తురు కారుతుంటే
నాకు ఆకలేసింది.
ఇన్నేళ్ళూ ఎవరితోనూ అనలేదు.

కొబ్బరిపీచు రంగు జుట్టు.
మా పెద్దన్న వయసు, అంతకు మించదు.
పెదాలు కదిపాడు, ఒకటే మాట, రెండుసార్లు.
నా ఒకటో వాచకంలో ఏడో పేజీ మాట.
బావి బొమ్మ కింద ఉండేది.
"నీళ్ళంట సార్" అన్నాను.
నేను చదివిన ఇంగ్లీషు ఒక మనిషికి పనికొచ్చింది అదే మొదలు.

హెడ్మాస్టరు అచ్యుతరామయ్యగారు
వసారాలో ఇత్తడి బిందె వైపు చూశారు.
బిందె మీద చెంబు వైపు చూశారు.
తెల్లవాడు ఎంగిలి చేస్తే ఆ చెంబు ఏం కావాలి?
ఎంతసేపు చూశారో నేను లెక్కపెట్టలేదు.
పదమూడో ఎక్కం మొత్తం చదవొచ్చు.

బడి ఊడ్చే దీనమ్మ చీపురు పారేసింది.
ఆమె నీళ్ళు బడి బావివి కావు,
మన్నేటి చెలమలో తోడుకొచ్చుకున్నవి, మట్టిముంతలో.
"తాగు నాయనా" అంది, వాడికి తెలుగొచ్చినట్టు.
రెండు గుక్కలు లోపలికి పోయినయ్.
మూడోది చెంప మీదుగా చెవిలోకి కారింది.
కొంగుతో చెవి తుడిచి
తర్వాత కళ్ళు మూసింది.

మర్నాడు కావలి నుంచి లారీలొచ్చాయి.
ముక్కూ చక్రాలూ ఎక్కించుకుపోయారు.
మేం దాచుకున్నవి దాచుకున్నాం.
నాకు మూరెడు రెక్క గుడ్డ దొరికింది,
మా అమ్మ పలక సంచి కుట్టింది.
వానకి తడిసేది కాదు. ఎండకి అరటిపండు వాసనేసేది.

రెండు నెలలకి కలెక్టరాఫీసు నుంచి కాయితం:
పాఠశాల ప్రధానోపాధ్యాయులు సకాలమున నీరొసంగి
చూపిన దయకు దొరతనము వారి కృతజ్ఞత.
ఇంగ్లీషులో ఒకటి, తెలుగులో ఒకటి.
ఇంగ్లీషుదానికి అద్దం కట్టించి గోడకి తగిలించారు.

ఒక సాయంత్రం గంట కొట్టాక
దీనమ్మ వసారా మెట్టు కింద నిలబడి
"అందులో నా పేరు యాడుందబ్బయ్యా?" అంది.
చుట్టూ చూశాను. ఎవరూ లేరు.
"లోపలికి రా" అన్నాను.
వచ్చింది, కాళ్ళు కొంగుతో తుడుచుకుని.

పేరు లేదు.
నాకు పదేళ్ళు. ఏం చెయ్యను?
నాకు తెలిసిన ఒక్క మాట వెతికాను,
ఏడో పేజీ మాట. రెండో వరుసలో ఉంది.
"ఇదిగో, ఇదే నువ్వు" అన్నాను.

చూపుడువేలు దాని మీద ఆనించింది.
ఎడమ నుంచి కుడికి, మెల్లిగా,
పసిబిడ్డ కనుబొమ దిద్దినట్టు.
"శానా పొట్టిగుందే" అని నవ్వి వెళ్ళిపోయింది.

పొద్దున్నే హెడ్మాస్టరు కేక:
"ఎవడ్రా అద్దం మీద వేలు పెట్టింది?"
"నేనే సార్."
"తుడువు."

సంచీతో తుడిచాను.
గట్టి గుడ్డ. ఒక్కసారికే పోయింది.